శరణాగతి - శరీరరక్షణ

"భారమంతయు స్వామి పాదముల కడ ఉంచితిని. ఇక రక్తపరీక్షలు, పథ్యములు, మందులు నాకేల? ఆయన ఎట్లు నడిపించిన అట్లు నడచెదను." ఈ మాట మన వైష్ణవ గృహములలో తరచుగా వినబడుచుండును. వినుటకు ఇది గొప్ప విశ్వాసమువలెనే తోచును. దీనిని పలుకువారు సామాన్యముగా పెద్దలు, సదాచారపరులు, ఏకాదశీవ్రతము తప్పనివారు. అందుచేత ఇంటిలోని పిన్నలు ఎదురు చెప్పుటకు జంకుదురు. కాని ఈ మాట శరణాగతి ధర్మమునకు నిజముగా అనుగుణమైనదేనా? లేక శరణాగతి యను పవిత్రమైన పేరు పెట్టి మన అలసత్వమును, భయమును కప్పిపుచ్చుకొనుచున్నామా? ఇది శాంతముగా విచారింపదగిన ప్రశ్న.

ఈ విచారమునకు నేడు మధుమేహము మూలముగా ప్రత్యేకమైన అవసరము కలిగినది. నంద్యాల చుట్టును నవనందులు వెలసియున్నారు. ఆళ్లగడ్డ దాటి నల్లమలలో ప్రవేశించిన అహోబిల క్షేత్రమున నవనారసింహులు వెలసియున్నారు. ఇట్టి పుణ్యసీమలో ఏ పెండ్లికి పోయినను, ఏ ఆరాధనకు పోయినను, పంక్తిలో పాయసము వడ్డించువానికి చేయి అడ్డుపెట్టువారు ఇద్దరు ముగ్గురైనను కనబడక మానరు. మన ప్రాంతమే కాదు, దేశమంతయు ఇట్లే ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి చేయించి 2023లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము మన దేశమున మధుమేహము కలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. వ్యాధి ఇంకను ముదరక, దాని వాకిట నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. వీరిలో తమ స్థితి తామెరుగనివారు ఎందరో కలరు.

మొదట శరణాగతి యనగా ఏమో చూతము. మన ఆచార్యులు దానికి అయిదు అంగములను చెప్పిరి. భగవంతునకు అనుకూలముగా నడచుకొందునను సంకల్పము, ఆయనకు ప్రతికూలమైనదానిని విడుచుట, తన అసమర్థతను ఎరుగుట, ఆయన తప్పక రక్షించునను మహావిశ్వాసము, రక్షకుడవు కమ్మని ఆయనను వరించుట అనునవి ఆ అయిదు. "భారము నీదే" అని పరీక్ష మానువారు నాలుగవ అంగమును గట్టిగా పట్టుకొని మొదటి రెండింటిని జారవిడుచుచున్నారు. స్వామి ప్రసాదించిన నేత్రములు ఆయన దివ్యమంగళ విగ్రహమును సేవించుటకు గదా! పాదములు ప్రదక్షిణమునకు గదా! తెలిసికొనదగినదానిని తెలిసికొనక ఆ నేత్రములను, ఆ పాదములను పోగొట్టుకొనుట ఆనుకూల్యము అగునా? అది ప్రాతికూల్యమే అగును. మరియు ప్రపన్నుడు మోక్షభారమును స్వామికి సమర్పించెనే కాని సంధ్యావందనమును మానలేదు, ఆకలి గొన్నప్పుడు అన్నమును మానలేదు, వాన వచ్చినపుడు ఇంటి కప్పు సరిచేసికొనుట మానలేదు. అన్నియు చేయుచు, ఒక్క రక్తపరీక్ష దగ్గర మాత్రమే "స్వామి చూచుకొనును" అనుట విశ్వాసము కాజాలదు.

భగవద్రామానుజులు చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమని ఉపదేశించిరి. ఆ దృష్టితో చూచిన ఈ దేహము మన సొత్తు కాదు. దీనికి యజమాని శ్రీమన్నారాయణుడు. మనము దీనికి ధర్మకర్తలము మాత్రమే. ధర్మకర్త యన్న పదము దేవస్థానములతో పరిచయముగల మన పాఠకులకు క్రొత్తది కాదు. స్వామి తిరువాభరణములు ధర్మకర్త చేతిలో ఉండును. అతడు ఏటేట వానిని పట్టికతో సరిచూడవలెను, తూనిక వేయింపవలెను, రాయి ఊడినదా, కొలికి వదులైనదా అని పరిశీలింపవలెను. "స్వామి నగలు స్వామియే కాపాడుకొనును, నాకు తనిఖీ ఏల?" అని పెట్టెను తెరువక కూర్చున్న ధర్మకర్తను మనము భక్తుడందుమా? అతనిని లెక్క అడుగుదుము. దేహము విషయమున మనలను లెక్క అడుగువాడు లేడనుకొనుట పొరపాటు.

ధర్మశాస్త్రములు ఈ విషయమున ఒక సూక్ష్మమైన భేదమును చూపినవి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధి ప్రకరణము కలదు. ఒకరు నమ్మి మనయొద్ద దాచిన వస్తువును గూర్చిన న్యాయము అది. ఆ వస్తువు రాజువలన గాని, దైవమువలన గాని, దొంగలవలన గాని పోయినచో దాచినవానిది తప్పు కాదు. తన అజాగ్రత్తవలన పోయినచో అతడు ఉత్తరవాది. ఈ న్యాయమును దేహమునకు అన్వయించి చూడుడు. దైవమువలన వచ్చిన రోగమునకు మనిషిని నిందింపరాదు. ఉపేక్షవలన ముదిరిన రోగమునకు మాత్రము దైవమును నిందింపరాదు. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే, కొందరు రోగిని పాపి యని చిన్నబుచ్చుచున్నారు, కొందరు తమ ఉపేక్షను విధి యని సమర్థించుకొనుచున్నారు.

మన ప్రాచీన వైద్యులు మధుమేహము విషయమున ఇదే భేదమును చెప్పియుండుట ఆశ్చర్యకరము. చరకుడు ప్రమేహములు ఇరువది యని గణించి, కఫమువలన 10, పిత్తమువలన 6, వాతమువలన 4 అని విభజించెను. మూత్రమునకు చీమలు చేరుట రోగలక్షణమని గుర్తించిరి. తేనెతో పోల్చి మధుమేహమని పేరిడిరి. సుశ్రుతుడు ప్రమేహమును రెండు విధములుగా చెప్పెను. పుట్టుకతో సంక్రమించునది ఒకటి, అపథ్యమువలన కలుగునది మరియొకటి. పైని చెప్పిన దైవము, ఉపేక్ష అను భేదము ఇక్కడ వైద్యరూపమున కనబడుచున్నది. సుశ్రుతుడు రోగికి విధించిన చికిత్సలో నూరు యోజనముల నడకయు, బావులు త్రవ్వుటయు ఉన్నవి. వ్యాయామమే ఔషధమని ఆ మహర్షి యెరిగెను. అయితే నాటివారికి రక్తములోని చక్కెరను కొలుచు సాధనము లేదు. చీమలు చేరువరకు వేచియుండుట వారికి తప్పనిదాయెను. మనకు ఆ అవస్థ లేదు. ఉండియు వేచియుండుట మన తప్పు అగును.

నేటి వైద్యులు ప్రధానముగా రెండు రకములను చెప్పుచున్నారు. మొదటి రకమున, దేహము తన రక్షకకణములతోనే క్లోమములోని ఇన్సులిన్ పుట్టించు కణములను నాశనము చేసికొనును. ఇది ఎక్కువగా బాల్యమునందును యౌవనమునందును కనబడును. దీనికి తీపి తినుట కారణము కాదు, తల్లిదండ్రుల నడవడి కారణము కాదు. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో అది మొదటిసారి ఒక 14 సంవత్సరముల బాలునికి ఇయ్యబడెను. అంతకు ముందు ఈ రోగము వచ్చిన బిడ్డలు కృశించి మరణించెడివారు. ఆ ఔషధముపై హక్కులను కనుగొన్నవారు ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు వదలివేసిరి. ఇట్టి బిడ్డకు ఇన్సులిన్ ఇచ్చుట మాని మ్రొక్కుబడులతో కాలము గడుపుట భక్తి కాదు. అది ఆ బిడ్డ ప్రాణమునకే ముప్పు. ఆ ఔషధమును స్వామి అనుగ్రహముగానే స్వీకరింపవలెను.

రెండవ రకము పెద్దలలో ఎక్కువగా కనబడునది. ఇందు ఇన్సులిన్ ఉన్నను దేహము దానిని సరిగా వినియోగించుకొనలేదు. క్రమముగా దాని ఉత్పత్తియు తగ్గును. వంశము, నడుము చుట్టు కొవ్వు, కదలిక లేని జీవనము, మితిలేని ఆహారము దీనికి దోహదము చేయును. దీని దుర్గుణమేమనగా ఇది నొప్పి కలిగింపదు. అతిదాహము, అతిమూత్రము, నీరసము కనబడునప్పటికి కొందరిలో సంవత్సరములు గడచియుండును. ఆ మౌనకాలములో కంటిపొర, మూత్రపిండములు, పాదముల నరములు, గుండె రక్తనాళములు మెల్లమెల్లగా దెబ్బతినుచుండును. "నాకేమియు బాధ లేదు, నాకు పరీక్ష ఏల?" అనువారికి ఇదియే సమాధానము. బాధ లేని కాలమే పరీక్షకు తగిన కాలము.

ఆళ్లగడ్డ శిల్పులను చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. విగ్రహము చెక్కబోవు శిల్పి మొదట ఉలి పట్టడు. రాతిని తట్టి నాదము వినును. ఖంగుమని మ్రోగిన రాయి మంచిది. నాదము బొంగురైనచో లోపల నెరియ యున్నదని గ్రహించును. కంటికి ఆ నెరియ కనబడదు. కనబడునంతవరకు ఆగినచో స్వామి ముఖమండలము చెక్కిన పిమ్మట రాయి చీలవచ్చును. రక్తపరీక్షయు రాతిని తట్టుట వంటిదే. దానివలన రోగము రాదు. లోనున్నది తెలియును, అంతే.

రాత్రి భోజనానంతరము కనీసము 8 గంటలు నీరు తప్ప ఏమియు పుచ్చుకొనక, పరగడుపున చేయించు పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమున చక్కెర 100 మిల్లీగ్రాములకు తక్కువ ఉన్నచో మేలు. 126 గాని అంతకు మించి గాని ఉన్నచో, మరల పరీక్షించి చూచినను అట్లే ఉన్నయెడల మధుమేహముగా నిర్ణయింతురు. 100 మొదలు 125 వరకు ఉన్నది మధ్యస్థితి. గ్లూకోజు త్రాగించి రెండు గంటల తరువాత చూచునప్పుడు 140 మొదలు 199 వరకు మధ్యస్థితి, 200 మొదలు వ్యాధి. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి అను పరీక్షలో 5.7 మొదలు 6.4 వరకు మధ్యస్థితి, 6.5 మొదలు వ్యాధి.

ఈ మధ్యస్థితిని గూర్చి అహోబిలేశుని సేవించువారు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. స్వామి హిరణ్యకశిపుని ఎక్కడ పట్టెను? ఇంటి లోపల కాదు, వెలుపల కాదు, గడపమీద. ఎప్పుడు పట్టెను? పగలు కాదు, రాత్రి కాదు, సంధ్యవేళ. మధ్యస్థితిలోని మనిషి రోగియు కాడు, అరోగియు కాడు. శత్రువు గడపమీద ఉన్నాడు. పట్టుకొనుటకు అదియే తగిన స్థానము, అదియే తగిన వేళ. లోపలికి వచ్చి కూర్చున్న పిదప వానిని అదుపులో ఉంచవచ్చును కాని వెడలగొట్టుట కష్టము.

ఇది ఉపమానమాత్రమే కాదు. చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము ఇట్టి మధ్యస్థితిలోనున్న 531 మందితో ఒక అధ్యయనము చేసి 2006లో ఫలితములను ప్రకటించెను. దినమునకు కనీసము అరగంట చురుకైన నడక, తీపి, పిండిపదార్థములు, కొవ్వులు తగ్గించిన ఆహారము వారు పాటింపజేసిన నియమములు. సుమారు మూడు సంవత్సరములలో ఏ ప్రత్యేక నియమము లేనివారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. నియమములు పాటించినవారిలో నూటికి 39 మందికి వచ్చెను. ఈ అంకెలలో ధర్మశాస్త్రమంతయు ఇమిడియున్నది. నియమమువలన అనేకులు తప్పించుకొనిరి. ఇది పురుషకారము. నియమమున్నను కొందరికి వచ్చెను. ఇది దైవము. ఒక్క చక్రముతో బండి నడవదని మన పెద్దలనుచుందురు గదా! వచ్చినవారిని నిందింపక, రానివారు గర్వింపక, మన వంతు మనము చేయుటయే కర్తవ్యము.

ఎవరు పరీక్ష చేయించుకొనవలెను? 30 సంవత్సరములు నిండిన ప్రతివారును. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఈ వ్యాధి ఉన్నవారు, పురుషులలో నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లను, స్త్రీలలో 80 సెంటీమీటర్లను మించినవారు, కూర్చుండి చేయు వృత్తులవారు మరింత శ్రద్ధ వహింపవలెను. ఇందు పండితులు, పురోహితులు, వర్తకులు, గుమాస్తాలు, రాతిముందు దినమెల్ల కూర్చుండు శిల్పులు అందరును వత్తురు. గర్భవతులకు ఈ పరీక్ష తప్పక చేయింపవలెను. గర్భకాలమున చక్కెర పెరిగి ప్రసవానంతరము తగ్గిన తల్లులు తమకు ముప్పు తొలగినదని భావింపక, ఆ తరువాతను పరీక్షలు చేయించుకొనుచుండవలెను.

దీనికి పెద్ద ఖర్చు లేదు. 2010లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి దీర్ఘవ్యాధుల నివారణకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. 30 సంవత్సరములు దాటినవారిని పరీక్షింపజేయు బాధ్యత ఇందు గ్రామములలోని ఆరోగ్య సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు అప్పగింపబడినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను, ప్రభుత్వ ఆసుపత్రులలోను ఈ పరీక్ష జరుగును. సంక్రాంతి పోయిన పిమ్మట అహోబిలస్వామి పారువేట ఉత్సవమునకు పల్లకిలో బయలుదేరి, సుమారు 40 దినములు ఆళ్లగడ్డ పరిసర గ్రామములలో సంచరించును గదా! తన బ్రహ్మోత్సవమునకు భక్తులను పిలుచుటకు స్వామియే వాకిటికి వచ్చునని మన విశ్వాసము. కొండకు పోలేని ముదుసలియు, పసిబిడ్డ తల్లియు నాడు స్వామిని తమ వీధిలోనే సేవించుకొందురు. దుర్బలుని కడకు తానే పోవుట స్వామి చూపిన మార్గము. పరీక్షాపరికరముతో ఇంటింటికి వచ్చు ఆశా కార్యకర్త ఆ మార్గముననే నడచుచున్నది. ఆమెను "తీరిక లేదు, మరల రమ్ము" అని త్రిప్పి పంపుట తగదు. ఆమెకు పీట వేసి, చేయి చాపి, ఒక్క బొట్టు రక్తమిచ్చుట గృహస్థధర్మము.

ఇంటి యిల్లాలిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ధర్మసాధనములలో శరీరమే మొదటిదను కాళిదాసు మాట లోకమంతయు ఎరుగును. కాని ఆ మాట ఎవరు ఎవరితో పలికిరో పలువురు స్మరింపరు. కుమారసంభవము అయిదవ సర్గమున, ఘోరతపస్సు చేయుచున్న పార్వతితో బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు పలికినది అది. నీ శక్తికి తగినట్లే తపస్సు చేయుచున్నావా అని ఆమెను అడిగిన సందర్భము. అనగా తన్ను తాను మరచి నియమములలో మునిగిన స్త్రీతో చెప్పబడిన మాట. మన ఇండ్లలో నేటికిని ఆమె అందరికి వడ్డించి, మిగిలినది తిని, మగవారి మందులవేళ తప్పనీయక, తన పరీక్షను మాత్రము వచ్చే నెలకు వాయిదా వేయుచుండును. పురుషుడు పరీక్షకు పోవునాడు భార్యను, తల్లిని వెంటబెట్టుకొని పోవలెను. ఇది ఉపకారము కాదు, బాధ్యత.

ఇక ఆహారము. ఈ సీమకు జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి పూర్వమునుండి పరిచితములు. 19వ శతాబ్దిలో త్రవ్విన కె.సి. కాలువ వరిమడులను పెంచెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదవాని పళ్లెమునకు వరియన్నమును చేర్చెను. అది ఆకలి తీర్చిన మేలైన పని. దానిని నిందింపరాదు. కాని పొలమున చెమటోడ్చినవాడు తినిన రాశిని కుర్చీలో కూర్చున్నవాడును తినుట నేటి చిక్కు. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము రూపొందించిన కొర్ర రకములలో ఒకదానికి సూర్యనంది యని పేరు. నవనందులలో ఒక నంది పేరు ధరించిన ఆ ధాన్యము మన వంటింటికి మరల అతిథిగా రాదగినది. అయితే కొర్ర మందు కాదు. అదియు పిండిపదార్థమే. మితి మీరినచో అదియు చక్కెరను పెంచును. పళ్లెములో సగము కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, మిగిలిన పావు వంతే అన్నమో రొట్టెయో ఉండునట్లు చూచుకొనుట మంచిది. మితిమీరి తినువానికిని, బొత్తిగా తినని వానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున బోధించిన నియమము ఇదియే. పొగాకును విడుచుట, చాలినంత నిద్ర, రక్తపుపోటును కూడ చూపించుకొనుట దీనితో చేర్చుకొనదగినవి.

"ప్రసాదమును కాదనవచ్చునా?" అని కొందరు మిక్కిలి బాధతో అడుగుదురు. కాదనవలసిన పని లేదు. ప్రసాదమునకు మహిమ పరిమాణమువలన రాలేదు. ఒక్క మెతుకును కన్నులకద్దుకొని స్వీకరించినను అది పూర్ణప్రసాదమే. మిగిలినది పక్కనున్న బాలునికో, ఆకలిగొన్న యాత్రికునికో ఇచ్చినచో ప్రసాదవినియోగ పుణ్యము రెండింతలగును. దొన్నెడు చక్కెరపొంగలి తిని "ప్రసాదము హాని చేయదు" అనుట నాలుక పలికించు మాటయే కాని భక్తి పలికించు మాట కాదు. వడ్డించు గృహస్థులును "మా ఇంట ఒక్కనాటికేమి" అని బలవంతము చేయరాదు. అతిథి ఆరోగ్యమును కాపాడుట అతిథిపూజలోని భాగము.

ఏకాదశి విషయమున ఇంకను మెలకువ కావలెను. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగుగా తగ్గించు కొన్ని మాత్రలు గాని తీసికొనువారు ఉపవసించినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని గుర్తులు. 70కి తక్కువైనచో మూడు చెంచాల చక్కెరయో, దానికి సరిపోవు పండ్లరసమో వెంటనే పుచ్చుకొని, పావుగంటకు మరల చూచుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. కావున ఉపవాసమునకు ముందే వైద్యుని అడిగి నడచుకొనుట అవసరము. రోగులకు, వృద్ధులకు, బాలురకు సడలింపు నిచ్చినదియు మన ధర్మశాస్త్రమే. ఔషధసేవనమువలన వ్రతము భంగము కాదని చెప్పినదియు ఆ శాస్త్రమే. ఉపవాసమనగా స్వామి సన్నిధిలో వసించుట. అల్పాహారము పుచ్చుకొని నామసంకీర్తనము చేయువాడు ఆ సన్నిధికి దూరము కాడు.

పాదములను గూర్చి యాత్రికులకు ఒక విన్నపము. ఎగువ అహోబిలమునుండి భవనాశిని వెంట జ్వాలానారసింహుని సన్నిధికి పోవు దారి రాళ్లమయము. మధుమేహము ముదిరి నరములు మొద్దుబారినవానికి ముల్లు గ్రుచ్చుకొన్నను, ఎండకు కాగిన బండ కాల్చినను తెలియదు. యాత్ర ముగించి ఇంటికి వచ్చిన వారము దినములకు పుండు బయటపడును. దానిని చూపింపబోయినప్పుడు చక్కెర సంగతి తొలిసారి తెలియును. వ్రేలు తీసివేయవలసి వచ్చిన పిదప "ముందే తెలిసియున్నచో" అని కుటుంబమంతయు దుఃఖించును. ఇట్టి కథ ఊరూర వినబడుచున్నది. సుశ్రుతుడు పాదరక్షలు లేక నడువుమని చెప్పినను, నరములు దెబ్బతిన్నవారు ఈ ఒక్క అంశమున నేటి వైద్యుల మాటనే అనుసరింపవలెను. శ్రీరంగనాథుని పాదుకలను స్తుతించుచు వేదాంతదేశికులు వేయికి మించిన శ్లోకములతో పాదుకాసహస్రమును రచించిన సంప్రదాయము మనది. కొండదారిలో పాదరక్ష ధరించుట అపచారమెట్లగును? సన్నిధి గడప కడ వానిని విడిచి, దర్శనానంతరము పాదములు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాలిని కంటితో చూచుకొనవలెను. కనబడనిచో ఇంటివారిచేత చూపించుకొనవలెను. స్వామి పాదములను చూచివచ్చినవాడు తన పాదములను చూచుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

చివరకు దాపరికమును గూర్చి ఒక మాట. పిల్ల పెండ్లి చెడునని, ఉద్యోగమున చులకన యగునని కొందరు ఈ వ్యాధిని దాచుచున్నారు. మరికొందరు చక్కెర కొంచెము తగ్గగానే, ఎవరో చెప్పిన ఆకుపసరు నమ్మి, మాత్రలను తమంతట తామే మానుచున్నారు. రోగము అసత్యమును అన్నముగా తిని పెరుగును. ఈ వ్యాధి సిగ్గుపడదగినది కాదు. క్రమముగా మందు తీసికొని, నడక సాగించి, ఏటేట కన్నులను, మూత్రపిండములను, పాదములను పరీక్షింపజేసికొనువారు దీర్ఘకాలము సుఖముగా స్వామిసేవ చేసికొనగలరు. తండ్రి తన వ్యాధిని దాచినచో, తమకును ముప్పున్నదని కుమారులకు తెలియు అవకాశము పోవును. సత్యము చెప్పుట ఇక్కడ సంతానమునకు చేయు రక్షయే.

ఆచరణకు సులభమైన నియమమొకటి మనవి చేయుచున్నాను. మన ఇండ్లలో ఏటేట తిరునక్షత్రము నాడు తలంటుకొని, క్రొత్తవస్త్రములు ధరించి, కోవెలలో అర్చన చేయింతుము గదా! 30 నిండినవారు ఆ వారములోనే ఒక ఉదయము పరగడుపున రక్తపరీక్ష చేయించుకొందురుగాక. ఫలితము మంచిదైనచో ధర్మకర్త లెక్క సరిపోయినదని స్వామికి నమస్కరించుట. గడపమీద ఉన్నచో నడకను, మితాహారమును ఆనాడే సంకల్పించుట. వ్యాధి యని తేలినచో ధైర్యముతో వైద్యుని ఆశ్రయించుట. మూడింటిలో ఏది జరిగినను అది శరణాగతికి లోపము కాదు. "భారము నీది" అను మాటకు నిజమైన అర్థము, నీవు నాకప్పగించిన పనిని చేసితిని, ఫలము నీ చిత్తము అని. పని మాని పలికినచో ఆ మాట శూన్యము.

స్తంభమునుండి వెలువడి భక్తుని కాచిన అహోబిల శ్రీనృసింహుడు మనకందరకు ఆరోగ్యమును, ఆ ఆరోగ్యమును కాపాడుకొను వివేకమును ప్రసాదించుగాక!

స్వస్తి.